బెంగళూరులో రెస్క్యూ నుంచి కుందేలు తెచ్చుకోవచ్చా? పిల్ల లేదు, పెద్దదే ఉంది అంటున్నారు

ప్రశ్న అడిగినవారు వైట్‌ఫీల్డ్ వైపు రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఉంటున్నారు. ఏడేళ్ల పాప కుందేలు కావాలని పట్టుబట్టింది. కొట్లో కొనడం ఇష్టం లేక, వదిలేసిన జంతువులను కాపాడి ఇళ్లకు ఇచ్చే రెస్క్యూ వాళ్లను అడిగితే, "రెండున్నరేళ్ల ఆడ కుందేలు ఉంది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది, ఫారం నింపండి, ముందు ఇల్లు చూస్తాం" అన్నారట. వీరి సందేహాలు నాలుగు: పిల్లను తెస్తేనే కదా మనకు మచ్చిక అయ్యేది? ఎవరో వదిలేసిన దానికి రోగాలుంటాయా? ఊరికే ఇచ్చేదానికి ఇన్ని ప్రశ్నలెందుకు? సంక్రాంతికి పది రోజులు నెల్లూరు వెళ్తే దాన్నేం చేయాలి?

తీసుకోండి. ఆ రెండున్నరేళ్లదాన్నే తీసుకోండి. రేపు పిల్ల దొరికినా మీకు నేను ఇదే చెప్తాను. ఒక్కటే షరతు. పాప అడిగిందని తెస్తున్నా, రోజూ గడ్డి వేసేదీ, అది పెంటికలు వేసే టబ్బు కడిగేదీ, రాత్రి పదకొండింటికి డాక్టర్ కోసం ఫోన్లు కొట్టేదీ మీరిద్దరే. బాగా చూసుకుంటే ఇంటి కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతుంది. ఇప్పుడు రెండో తరగతిలో ఉన్న పాప, దాని ఆఖరి రోజులకు పదో తరగతికి వచ్చేస్తుంది. అప్పటికీ అది మీ ఇంట్లోనే ఉంటుందని మీకు నమ్మకముంటే ఫారం నింపేయండి.

మాది అనంతపురం. పద్నాలుగేళ్లుగా రామ్మూర్తినగర్‌లో ఉంటున్నాం. 2017 నుంచి రెస్క్యూ కుందేళ్లను ఇల్లు దొరికేదాకా మా ఇంట్లో పెట్టుకుంటున్నాను. ఇప్పటికి నలభై దాటాయి. నేను డాక్టర్‌ని కాను కాబట్టి మందుల సంగతి వచ్చినచోట మీ డాక్టర్ మాటే వినండి. మిగతాది చేసి, తప్పులు చేసి నేర్చుకున్నది.

మొదటి తప్పుతోనే మొదలుపెడతాను. మా ఆయన ఆఫీసులో ఒకాయన మా బాబు పుట్టినరోజుకి బజార్లో రెండు పిల్లల్ని కొని తెచ్చాడు. గుప్పెట్లో పట్టేంత ఉన్నాయి. "రెండూ ఆడవే" అని అమ్మినవాడు చెప్పాడట. అంత చిన్న వయసులో ఆడా మగా తేల్చడం చేయి తిరిగినవాళ్లకే కష్టమని అప్పుడు మాకేం తెలుసు. ఐదో నెలలో ఒక పొద్దున చూస్తే మిక్సీ అట్టపెట్టె మూల ఒకటి తన పొట్ట మీది బొచ్చే పీకి కట్టిన గూడు ఉంది. అందులో బొచ్చు లేకుండా, కళ్లు తెరవకుండా ఆరు పిల్లలు. మేం ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటూ కూర్చున్నాం కానీ మగదాన్ని వేరు చేయలేదు. కుందేలు ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు. సరిగ్గా నెలకు ఇంకో ఐదు. అప్పటికి ఇంట్లో పదమూడు కుందేళ్లు, ఊరి నుంచి వచ్చిన మా అత్తగారు. "మా వైపు చెవులపిల్లిని కూర వండుకుంటారమ్మా, ఇలా సోఫా మీద కూర్చోబెట్టరు" అందావిడ. ఆ రోజు నాకు దిక్కు చూపించింది ఒక రెస్క్యూ అమ్మాయి. పదమూడింటికీ ఆపరేషన్లు, ఇళ్లు దొరికేసరికి ఏడాది పట్టింది. నేను ఈ పనిలో పడింది అలా.

ఇక పిల్ల ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. రెస్క్యూలకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం నాలుగు నెలల నుంచి ఏడాది లోపువే. కారణం చాలా మామూలుది. వేసవి సెలవులకో పుట్టినరోజుకో నెల పిల్లను కొంటారు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య దానికి వయసు వస్తుంది. మగదైతే గోడల మీద, కాళ్ల మీద మూత్రం చిమ్ముతుంది. ఆడదైతే తన గూటిలో చెయ్యి పెట్టినవాళ్ల మీదికి గుర్రుమంటూ వస్తుంది, కరుస్తుంది. సోఫా అంచులు, ఛార్జర్ వైర్లు కొరికేస్తుంది. మొన్నటిదాకా ముద్దుగా ఉన్నది ఇలా అయిపోయిందేంటని ఇంటివాళ్లకు టెన్షన్. ఇల్లు వాసనొస్తోందని ఓనర్ గొడవ. ఒక అట్టపెట్టె, దానికి నాలుగు చిల్లులు, పార్కు గేటు. కుందేలే కదా, గడ్డి తిని బతికేస్తుందనుకుంటారు. అది బతకదు. మన ఇళ్లలో పెరిగేవి యూరప్ కుందేలు జాతి నుంచి వచ్చినవి. కుక్కలు, పిల్లులు, గద్దలు ఉన్న బెంగళూరు పార్కులో తెల్లటి కుందేలు మర్నాటిదాకా మిగిలితే గొప్ప.

రెండున్నరేళ్లది ఆ వయసు దాటేసింది. ఆపరేషన్ కూడా అయ్యింది కాబట్టి ఆ చిమ్మడం, మీదికి రావడం చాలావరకు తగ్గిపోతాయి. టబ్బులోనే పనులు కానిచ్చుకోవడం కూడా వచ్చి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, రెస్క్యూలో మీకు దొరికేది ఆ కుందేలు గురించి ఒకరికి తెలిసిన సంగతులు. పొద్దున్నే ఏం తింటుంది, పిల్లలంటే భయమా, ఎత్తుకోనిస్తుందా, ఎప్పుడైనా తిండి మానేసిందా, ఏ డాక్టర్ ఆపరేషన్ చేశాడు, మత్తుమందు సరిపడిందా. బజార్లో కొన్న పిల్ల గురించి ఇందులో ఒక్కటీ మీకు చెప్పేవాళ్లుండరు. నా మట్టుకు నాకు డబ్బు పెట్టి కొనాల్సినది ఏదైనా ఉంటే అది ఆ సమాచారమే, కుందేలు కాదు.

మచ్చిక విషయం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించను కానీ, నా దగ్గరికి వచ్చిన పెద్దవాటిలో మనిషికి అలవాటుపడనిది ఇంతవరకు లేదు. కొన్నిటికి వారం పట్టింది, రాగి అనే ఒక మొండిదానికి నాలుగు నెలలు పట్టింది. చేయాల్సిందల్లా నేల మీద కూర్చుని మీ పని మీరు చేసుకోవడమే. దానంతట అది వచ్చి మోకాలికి గడ్డం రుద్దుతుంది. గడ్డం కింద ఉండే గ్రంథితో "ఇది నాది" అని గుర్తు పెట్టుకోవడమది.

పాపకు మాత్రం మొదటి రోజే చెప్పండి: ఎత్తుకోకూడదు. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్ల బలం ఎక్కువ. భయపడి గింజుకుంటే తన వెన్ను తానే విరగ్గొట్టుకోగలదు. నేను ఇష్టపడి ఇచ్చిన ఇంట్లోనే ఒకసారి అలా జరిగింది. తొమ్మిదేళ్ల బాబు మంచం మీద నుంచి ఎత్తుకున్నాడు, జారింది. వాళ్ల తప్పని అనలేను, అంత గట్టిగా చెప్పకపోవడం నా తప్పు. అప్పటి నుంచి ఎవరికిచ్చినా మొదటి మాట అదే. చెవులు పట్టి ఎత్తడం గురించి వేరే చెప్పాలా? వద్దే వద్దు.

రోగాల సంగతి. వదిలేసినవాటికి చెవుల అంచుల్లో, ముక్కు మీద, కాలి వేళ్ల దగ్గర తెల్లగా పెచ్చులు కట్టి గజ్జి ఉండటం మామూలే. చూడటానికి భయంకరంగా ఉంటుంది కానీ మందుకు బాగా లొంగుతుంది. అటుకులు అని ఒకటి ఉండేది. అట్టపెట్టెలో టేపు వేసి ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర పెట్టి వెళ్లారు. వచ్చిన రోజు దాని చెవులు అప్పడాల్లా పెళుసుగా ఉన్నాయి. ఆరు వారాల్లో కొత్త బొచ్చు వచ్చింది. కానీ ఇల్లు దొరకడానికి ఐదు నెలలు పట్టింది. ఎందుకంటే తెల్ల బొచ్చు, ఎర్ర కళ్లు. "చూస్తే భయమేస్తోందండీ" అని ముగ్గురు వెనక్కి తగ్గారు. ఇంకొకరు "తల అటూ ఇటూ ఊపుతోంది, నరాల జబ్బా?" అన్నారు. ఎర్రకళ్లవాటికి చూపు తక్కువ. ఎదుటిది ఎంత దూరంలో ఉందో తెలియడానికి అలా ఊగుతాయి. చివరికి దాన్ని చిక్కబళ్లాపురలో రిటైరైన దంపతులు తీసుకెళ్లారు. ఇప్పుడు ఆయన పేపరు చదువుతుంటే అంచు కొరుకుతూ కూర్చుంటుందట. మీకు చూపించేది ఎర్రకళ్లదైతే దయచేసి ఆ కారణంతో వద్దనకండి.

ఒక తేడా కూడా గమనించండి. మెడ ఒకవైపుకే వాలిపోయి, నడవబోతే పడిపోతుంటే అది మామూలు ఊగడం కాదు, వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

ఇల్లు దొరికేదాకా దాన్ని పెట్టుకున్న ఫోస్టర్ ఇంటికి వెళ్లినప్పుడు అరగంట నేల మీద కూర్చోండి. ముందు పళ్లు చూపించమనండి. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, పైవీ కిందివీ సరిగ్గా కలవకపోతే అరగవు, పదేపదే డాక్టర్‌తో సరిచేయించుకోవాలి. గడ్డం తడిగా ఉంటే దాని గురించి అడగండి. వెనక తోక కింద శుభ్రంగా ఉందా, కాలి మడమల దగ్గర పుండ్లున్నాయా చూడండి. ఇనుప చువ్వల అడుగున్న బోనులో నెలల తరబడి ఉంచితే వచ్చేవే ఆ పుండ్లు. తర్వాత దాని టబ్బులోకి తొంగి చూడండి. పెంటికలు పెసరగింజ కంటే పెద్దగా, గుండ్రంగా, అన్నీ ఒకే సైజులో, నలిపితే గడ్డి పొట్టులా రాలాలి. నాకు పొద్దున్నే కాఫీ కంటే ముందు చూసే పని అదే. రోజూ రాత్రి వేసేటన్ని లేకపోయినా, చిన్నవైపోయినా, బొచ్చుతో దండలా గుచ్చినట్టు కనిపించినా ఆ రోజు ఆఫీసుకి ఆలస్యమే.

ఇది ఎందుకింత ముఖ్యమంటే, కుందేలు పది పన్నెండు గంటలు ఏమీ తినకపోతే అది ఎమర్జెన్సీ. పేగుల కదలిక ఆగిపోతుంది, గ్యాస్ పట్టేస్తుంది, ఒక్కరోజులో పోవచ్చు. "రేపు చూద్దాం" అనేది కుక్కకు కుదురుతుందేమో, దీనికి కుదరదు. 2019లో ఒక ఆదివారం నాకు తెలిసిన డాక్టర్ ఊళ్లో లేక, ఒక కుందేలును దగ్గర్లో కుక్కలకు చూసే క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఆయన మంచి మనసుతోనే అమాక్సిసిలిన్ చుక్కలు నోట్లో వేయమన్నారు. పెన్సిలిన్ జాతి మందులు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయని నాకు ఆ తర్వాత తెలిసింది. మూడో రోజు పోయింది. అందుకే, కుందేలు ఇంటికి రాకముందే కుందేళ్లు చూసే డాక్టర్లు ఇద్దరి నంబర్లు ఫోన్లో పెట్టుకోండి. మీ రెస్క్యూ వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్తారో అడిగితే చాలు. హెబ్బాళ్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది కానీ వైట్‌ఫీల్డ్ నుంచి ఆ ట్రాఫిక్‌లో వెళ్లాలంటే ఎంతసేపో మీకే తెలుసు. ఇంకోటి, కుక్కల పేలకు మెడ మీద వేసే ఫిప్రోనిల్ చుక్కలు కుందేలుకు విషం. మెడికల్ షాపులో అడిగి తెచ్చి వేయకండి.

మీకు ఇచ్చేది ఆపరేషన్ అయిన ఆడది కావడం నిజంగా మీ అదృష్టం. ఆపరేషన్ చేయించని ఆడ కుందేళ్లకు వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఎప్పుడైనా మగదానికి చేయించాల్సి వస్తే ఒక మాట గుర్తుంచుకోండి. ముందురోజు రాత్రి నుంచి పస్తు పెట్టమని ఎవరైనా అంటే ఇంకో డాక్టర్‌ని వెతుక్కోండి. కుందేలు వాంతి చేసుకోలేదు, దాన్ని పస్తు పెట్టకూడదు. ఆపరేషన్ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాలు ఆడదానికి దూరంగా ఉంచాలి.

ఫారం గురించి మీరు నొచ్చుకున్నట్టున్నారు. అర్థమైంది, మా ఆయనా మొదట్లో "పెళ్లిచూపులకు కూడా ఇన్ని అడగలేదు" అనేవాడు. కానీ నేను ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఫర్నిచర్ చూడను. వైర్లు నేల మీదున్నాయా, బాల్కనీ గ్రిల్ సందుల్లోంచి దూరగలదా, మధ్యాహ్నం ఎండ ఏ గదిలో పడుతుంది, ఓనర్ ఒప్పుకున్నారా, ఇంతే చూస్తాను. "బోనులో పెడతాం" అంటే ఇవ్వను. పెంచలేకపోతే మాకే తిరిగివ్వాలని రాయించుకుంటాం, ఆ వాక్యం మీ మేలుకే. నిజానికి ఏమీ అడగకుండా ఇచ్చేవాళ్లనే అనుమానించాలి. "ఉచితంగా దత్తత" అని ఫోటో పెట్టి, డెలివరీ ఛార్జీలు ముందే పంపమంటారు. డబ్బు పోతుంది, కుందేలు రాదు. ఆపరేషన్ ఖర్చులో కొంత అడగడం వేరు, దానికి రసీదు ఇస్తారు, కుందేలును మీ ముందు పెట్టి మాట్లాడతారు. ఇక పెద్ద షెల్టర్లు కుక్కలు, పిల్లులతోనే నిండి ఉంటాయి. అరుపుల మధ్య కుందేలు భయపడి తిండి మానేస్తుంది కాబట్టి మావాళ్లు వాటిని ఇళ్లలోనే పెడతారు. షెల్టర్ బోర్డు లేదని అనుమానపడకండి.

ఊరికి వెళ్లినప్పుడు పొలంలో దొరికిన పిల్లను తెచ్చుకుందామని కొందరు అడుగుతుంటారు. అది చెవులపిల్లి, వేరే జంతువు. పుట్టడమే బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడుతుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం, పెట్టుకున్నా బతకదు.

ఇంట్లో ఏర్పాట్లకు పెద్ద ఖర్చేం లేదు. కుక్కపిల్లలకు అమ్మే మడత కంచె ఒకటి, జారని చాప ఒకటి, బట్టలు నానబెట్టే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఒకటి. టబ్బులో పాత పేపర్లు నాలుగు మడతలు, పైన ఎండుగడ్డి. కుందేలు తింటూనే పెంటికలు వేస్తుంది కాబట్టి రెండూ ఒకచోటే ఉంటే అలవాటు తొందరగా అవుతుంది. పిల్లుల కోసం అమ్మే, తడి తగిలితే గడ్డకట్టే మట్టి వాడకండి. మూత్రం ఒక్కోసారి నారింజ రంగులో, ఎర్రగా కూడా వస్తుంది. ఆకుల్లోని రంగు వల్ల అలా అవుతుంది. మొదటిసారి చూసి నేను రక్తమనుకుని ఏడ్చేశాను.

తిండిలో ఎనభై శాతం ఎండుగడ్డే. టిమోతీ గడ్డి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఖరీదే. మా ఇంట్లో రెండింటికి గడ్డి, ఆకులు, గుళికలు (పెల్లెట్ల దాణా) కలిపి నెలకు రెండు వేలు దాటుతుంది. పశువులకు వేసే కుదురె మసాలె సొప్పు, అంటే లూసర్న్, ఆరు నెలల లోపు పిల్లలకే. పెద్దవాటికి అందులో కాల్షియం ఎక్కువ. నేను కనిపెట్టిన చవక మార్గం గరిక. గుడి దగ్గర పూలమ్మే ఆవిడ వినాయకుడికి కట్టే కట్టలు నాలుగు నాకోసం పక్కన పెడుతుంది. మొదట్లో "ఇంట్లో రోజూ గణపతి హోమమా?" అని అడిగింది. బాగా కడిగి వేయండి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి ఆకులు, క్యారెట్ ఆకులు మంచివి. క్యారెట్ దుంప మాత్రం మనకు మైసూర్‌పాక్ లాంటిది, చిటికెన వేలంత చాలు. బిస్కెట్లు, బ్రెడ్డు, అన్నం, శనగలు ఏవీ వద్దు. మెత్తగా, గుత్తిలా ఉన్న పెంటికలను అది మళ్లీ తినేస్తుంటే అసహ్యించుకోకండి, దానికి అవి అవసరం. స్నానం మాత్రం ఎప్పుడూ చేయించకండి.

బెంగళూరు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి ఏడాదిలో చాలా నెలలు వీటికి హాయే. మార్చి నుంచి మే దాకానే జాగ్రత్త. ముప్పై డిగ్రీలు దాటితే కష్టపడతాయి, వాటికి మనలా చెమట పట్టదు. బాటిల్లో నీళ్లు గడ్డకట్టించి టవల్ చుట్టి పక్కన పెట్టండి, నేల టైల్స్ మీద పడుకోనివ్వండి, చెవులను తడి చేత్తో రాయండి. చెన్నైలో పెంచుకోవచ్చా అని కింద కామెంట్లలో అక్కడి నుంచి ఒకరు అడిగారు. మా చెల్లెలు వేళచేరిలో ఉంటుంది, దాని కుందేలుకు ఏప్రిల్, మే మధ్యాహ్నాలు ఏసీ గదే. కరెంటు బిల్లుకు సిద్ధపడలేనంటే చెన్నైలో నేను పెంచుకోమనను. అక్కడ గరికను అరుగంపుల్ అని అడిగితే ఇస్తారు.

చివరిది, సంక్రాంతి. నెల్లూరు దాకా కారులోనో రైల్లోనో తీసుకెళ్లొద్దు. కొత్త ఇల్లు, చుట్టాల పిల్లలు, చప్పుడు, అన్నీ కలిసి తిండి మానేస్తుంది. పక్కింటివాళ్లు రోజుకోసారి గడ్డి వేసి పోతే సరిపోదు, పెంటికలు చూసే మనిషి కావాలి. దాన్ని ఇచ్చిన ఫోస్టరునే అడగండి, చాలామంది పెట్టుకుంటారు. కానీ పండగ ముందు వారం అడిగితే కుదరదు. మా ఇంట్లో పోయిన సంక్రాంతికి ఐదుగురు అతిథులు, అందరికీ నవంబరులోనే మాట ఇచ్చేశాను. దాని టబ్బు, దాని చాప ఉతక్కుండా అలాగే పంపండి, సొంత వాసన ఉంటే మొదటి రాత్రే గడ్డి ముట్టుకుంటుంది.